ఉప్మాని వెతుక్కుంటూ డార్విన్‌కి

డార్విన్ వెళ్ళొచ్చానంటే మా స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్ పేట మిత్రులు అడిగేది ఒకటే: "మొసళ్ళు చూశారా?" చూశాను. ఒకటి బురదలో నోరు తెరుచుకుని పడుకుంది. ఆదివారం భోజనం అయ్యాక నేను ఎలా ఉంటానని మా ఆవిడ అంటుందో సరిగ్గా అలాగే ఉంది. మొసలి గురించి అంతకుమించి చెప్పడానికి నా దగ్గరేమీ లేదు. నేను వెళ్ళింది మొసలి కోసం కాదు, ఉప్మా కోసం.

తెలుగువాడన్నవాడు ఉప్మా నుంచి తప్పించుకోవడానికి ఎంత దూరమైనా పోతాడు గానీ, ఉప్మాని వెతుక్కుంటూ బ్రిస్బేన్‌లో విమానమెక్కి ఖండం పైకొసకి పోడు. నేను పోయాను. ఎందుకు పోయానో చెప్పాలంటే ముందు మా అమ్మాయి గురించి చెప్పాలి.

మా అమ్మాయి లలిత. మా అమ్మ పేరు. డార్విన్‌లో దాని స్నేహితులు 'లాలీ' అంటారు. ఈ దేశంలో లాలీ అంటే చప్పరించే మిఠాయి. మా అమ్మ ఉండుంటే ఏమనేదో తెలీదు గానీ, ఆవిడకి కూడా తీపి ఇష్టమే. లలిత డాక్టరవుతుందని మేం బంధువులందరికీ ఎప్పుడో చెప్పేశాం. అవుతోంది కూడా. కాకపోతే తొండల మీద డాక్టరేటు.

ఆ తొండ మామూలు తొండ కాదు. ఉత్తరాది వేడి ప్రాంతాల్లో, చిత్తడి నేలల పక్కన ఉంటుంది. సన్నటి ఒళ్ళు, పక్కల తెల్లటి చార, ఒంటికి రెండింతలకి పైగా తోక. ఇంగ్లీషులో లాష్‌టెయిల్ అంటారు. నేను కొరడాతోక అని పేరు పెట్టుకున్నాను. ఎండుకొమ్మ మీద కూర్చుని ముందుకాలు ఎత్తి గాల్లో ఊపుతుంది. అందుకని డార్విన్ జనం దాన్ని 'టాటా లిజర్డ్' అంటారు. అది ఎవరికి ఊపుతుందో, ఎందుకు ఊపుతుందో కనిపెట్టడమే మా అమ్మాయి చదువు. మా కాలంలో ఇలాంటి పని చేస్తే ఇంట్లో తన్నేవాళ్ళు, ఇప్పుడు స్కాలర్‌షిప్ ఇస్తున్నారు.

బయల్దేరేముందు

ఒకరోజు పొద్దున్నే ఫోను. "నాన్నా, ఉప్మా దొరకట్లేదు."

"రవ్వ అయిపోయిందా? ఇక్కడ సన్నీబ్యాంక్ కొట్లోంచి పంపిస్తాలే."

"లిజర్డ్, నాన్నా!"

అప్పుడు తెలిసింది, తన తొండలకి అది పూరీ, పెసరట్టు, అప్పడం, ఉప్మా అని పేర్లు పెట్టుకుందని. ఒక్కోదాని వీపు మీద చొక్కా గుండీ అంత పరికరం. మెత్తటి పట్టీతో ఒంటికి కట్టి ఉంటుంది. అది సిగ్నల్ పంపుతుంటే, తొండ ఎక్కడెక్కడ తిరుగుతోందో తెలుస్తుంది. వానాకాలం వచ్చేలోపు అన్నిటినీ పట్టుకుని పట్టీలు విప్పేయాలి. పూరీది అయింది, పెసరట్టుది అయింది, అప్పడానిది అయింది. ఉప్మా మాత్రం చిక్కలేదు. దాని బ్యాటరీ చావుబతుకుల్లో ఉంది. వానలు పడితే ఆ చోటంతా మునిగిపోతుంది, దారి మూసేస్తారు, మళ్ళీ నెలల తర్వాతే వెళ్ళగలిగేది.

"వదిలేస్తే ఏమవుతుందే?" అన్నాను.

లలిత చెప్పింది. వేరేవాళ్ళ ప్రాజెక్టులో ఒక తొండ అలాగే మిగిలిపోయిందట. వానాకాలం అయ్యాక వెళ్ళి చూస్తే, పట్టీ ఒక పుల్లకి తగులుకుని కొమ్మకి వేలాడుతూ కనిపించిందట.

"నేనే కట్టాను కదా నాన్నా. నేనే తీయాలి."

ఇక్కడ చిక్కేమిటంటే, మొసళ్ళుండే చోటికి ఒంటరిగా వెళ్ళకూడదని నియమం. దానికి తోడుండే అమ్మాయి సైకిల్ మీంచి పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ల్యాబులో మిగతావాళ్ళు తలో చోటుకీ వెళ్ళిపోయారు. "నువ్వు రా నాన్నా. ఏం చెయ్యక్కర్లేదు. యూ జస్ట్ హావ్ టు స్టాండ్ దేర్."

నిలబడటం నాకు వచ్చు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో చాలాభాగం అదే. నేను మురుగుకాలవలు డిజైన్ చేసే ఇంజనీర్ని. నేను నిలబడితే నీళ్ళే పారతాయి. కానీ ఇంకో సంగతుంది. నాకు బల్లులంటే భయం. భయమంటే మామూలు భయం కాదు. మా బ్రిస్బేన్ ఇంట్లో సీలింగు మీద బల్లి కనిపిస్తే అది వెళ్ళేదాకా హాల్లో పడుకుంటాను. ఆ బల్లులు కూడా ఈ దేశపువి కావు. ఓడల్లో వచ్చి స్థిరపడ్డ ఆసియా బల్లులు. మనలాగే వచ్చాయి, మనకంటే ముందే పర్మనెంట్ అయ్యాయి. మాట్లాడుతుంటే గోడ మీంచి 'టిక్ టిక్' అంటాయి. మా ఆవిడ రమ వెంటనే బల్ల మీద వేలితో కొట్టి "సత్యం, సత్యం" అంటుంది. నేను మాత్రం కాళ్ళు పైకి పెట్టుకుంటాను.

"మీరా? తొండ దగ్గరికా?" అని రమ నవ్వడం మొదలుపెట్టింది. నా సామాన్లు సర్దడం పూర్తయ్యేదాకా నవ్వుతూనే ఉంది. కందిపొడి, ఆవకాయ, చిన్న రైస్ కుక్కరు పెట్టింది. తను ఫార్మసిస్టు. అంత తొందరగా సెలవు దొరకదు. "దాన్ని చూస్తే పరిగెత్తకండి. పిల్ల పరువు పోతుంది" అని మాత్రం చెప్పింది.

డార్విన్

డార్విన్ గడియారం బ్రిస్బేన్ కంటే అరగంట వెనక. ఈ అరగంటల పిచ్చి మన దేశానికే ఉందనుకున్నాను. విమానం దిగి తలుపు దాటగానే ముఖానికి ఎవరో తడితువ్వాలు కప్పినట్టయింది. వానలకి ముందు వచ్చే ఈ రోజుల్ని అక్కడ 'బిల్డప్' అంటారు. మన రోహిణి కార్తెకి ఉక్క కూడా కలిపితే అది. రోజూ మధ్యాహ్నానికి మబ్బులు నల్లగా కమ్ముకొస్తాయి, ఉరుముతాయి, మెరుస్తాయి. వాన మాత్రం పడదు. మా ఆఫీసు మీటింగుల్లాగే.

లలిత ఎయిర్‌పోర్టుకి వచ్చింది. బురద బూట్లు, ఎండకి కమిలిన ముక్కు. కళ్ళ కింద నల్లగా ఉంది. "నిద్రపోతున్నావా?" అంటే "యా, యా" అంది. ఈ దేశంలో పుట్టిన పిల్లల దగ్గర 'యా' ఒకసారి అంటే అవునని, రెండుసార్లు అంటే కాదని నాకు తెలుసు.

శనివారం. పారప్ అనే పేటలో సంత జరుగుతోంది. పొద్దున్నే జనం అక్కడ వేడివేడి లాక్సా తాగడానికి వరస కడతారు. లాక్సా అంటే కొబ్బరిపాలు పోసిన కారపు పులుసులో సేమ్యా, రొయ్యలు. ఆ ఉక్కలో ఆ పులుసు తాగుతూ చెమటలు కక్కడం వాళ్ళకి సరదా. నాకూ నచ్చింది. ఆవకాయతో పెరిగినవాణ్ణని మంట అనకుండా తాగాను. కళ్ళలోంచి వచ్చింది చెమటేనని లలితకి చెప్పాను. గిన్నె పద్దెనిమిది డాలర్లు. రూపాయల్లోకి మార్చే అలవాటు మానేసి చాలా ఏళ్ళయిందని అందరికీ చెప్పుకుంటాను. మార్చాను.

డార్విన్‌లో నన్ను కదిలించినవి మామిడిచెట్లు. వీధివీధికీ ఉన్నాయి. కాయలు రాలి పేవ్‌మెంట్ మీద పడి ఉన్నాయి. జనం వాటిని తొక్కుకుంటూ పోతున్నారు! మన దగ్గరైతే ప్రహరీ మీద గాజుపెంకులు పెట్టి, కర్ర పట్టుకుని కాపలా కాసేవాళ్ళు. నేను ఆగలేక ఒక ఇంటి ముందు వంగి పచ్చికాయలు ఏరడం మొదలుపెట్టాను. ఆ ఇంటాయన బనీనుతో బయటికొచ్చాడు. దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు నిలబడ్డాను.

"టేక్ ద లాట్, మేట్! పైన కూడా ఉన్నాయి, నిచ్చెన కావాలా?" అన్నాడాయన.

"నాన్నా, ప్లీజ్" అంది లలిత, కారులో కిందికి జారిపోతూ.

నేను సంచి నింపుకున్నాను. పండినవి కూడా కొన్ని ఇచ్చాడాయన. నిచ్చెన మాత్రం వద్దన్నాను. ఎంతైనా కొంచెం మొహమాటం ఉండాలి కదా.

హంప్టీ డూ

ఇది ఊరి పేరే. నేను పెట్టింది కాదు. డార్విన్ నుంచి తూర్పుగా వెళ్తుంటే వస్తుంది. పెట్రోలు కోసం ఆగాం. దిగగానే వేడి కొట్టి "అబ్బా" అన్నాను.

లోపల కౌంటర్ దగ్గర కుర్రాడు లేచి నిలబడ్డాడు. "అన్నా, తెలుగేనా?"

"ఎలా కనిపెట్టావయ్యా?"

"మరి 'అబ్బా' అన్నరు గదన్నా. గీ ఊర్ల ఎండకు అందరు వేరే మాట అంటరు, అది చెప్పరాదు."

పేరు శ్రీకాంత్. సిద్దిపేట దగ్గర ఊరు. చదువుకి మెల్‌బోర్న్ వచ్చి, ఇక్కడైతే వీసా పాయింట్లు ఎక్కువ ఇస్తారని పైకొచ్చేశాడు. ముందు తిట్టుకున్నాడట. ఇప్పుడు వెనక్కి రమ్మన్నా పోనంటున్నాడు. ట్రాఫిక్ లేదు, చేపలు దొరుకుతాయి, బాస్ మంచోడు.

"ఎటు పోతున్నరన్నా? మొసళ్ళు చూసెటందుకా?"

"తొండ కోసం."

"ఏం తొండ?"

"టాటా లిజర్డ్."

అతను నా మొహంలోకి, లలిత మొహంలోకి మార్చి మార్చి చూశాడు. "గవా? మా ఇంటెనక పది ఉంటయి గదనే. ఒక్కటి పట్టుకపోరి."

"మాకు ఉప్మానే కావాలి" అన్నాను.

"ఉప్మానా? గీడ దొరకదన్నా, 'పై' అని పఫ్ లెక్కది ఉన్నది, బీఫ్ పై. మీరు తింటరో తినరో..."

లలిత నవ్వింది. దిగిన దగ్గర్నుంచి అది నవ్వడం అదే మొదటిసారి. కథంతా అదే చెప్పింది, సగం తెలుగులో, సగం ఇంగ్లీషులో. అంతా విని శ్రీకాంత్ తల గీరుకున్నాడు. "గంత చిన్న జీవి కోసం గింత దూరమా? మీ నాయిన మస్తు మంచోడు చెల్లె" అని ఐస్ సంచి ఒకటి కారులో పెట్టాడు. డబ్బులు తీసుకోలేదు. నేను మంచోణ్ణి కానని, భయస్తుణ్ణని అతనికి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

నీళ్ళకి దూరంగా

మేం దిగిన, చక్రాల గదులు అద్దెకిచ్చే క్యారవాన్ పార్కుని జెన్ అనే పెద్దావిడ చూసుకుంటుంది. నేను రైస్ కుక్కరు పట్టుకుని దిగడం చూసి "బాంబు కాదు కదా, డార్లింగ్?" అంది. అన్నం వండి, కందిపొడి, నెయ్యి కలిపి ఆవిడకీ పెట్టాను. రెండోసారి అడిగి పెట్టించుకుని, "ఇంత పొడి పొడిగా ఉన్నదాన్ని మీరు చేత్తో ఎలా తింటారు?" అంది. చూపించాను. ఆవిడ చెయ్యి మోచేతిదాకా పసుపుపచ్చ అయింది.

తెల్లారగానే బిల్లబాంగ్‌కి బయల్దేరాం. బిల్లబాంగ్ అంటే నదినుంచి విడిపోయి మిగిలిన మడుగు. ఒడ్డున కాగితంలా బెరడు ఊడే చెట్లు, మొగలిపొదలు. మొగలిపొద అంటే పాముంటుందని చిన్నప్పటి నుంచి విన్న చెవులు కదా, అవి వెంటనే నిక్కబొడుచుకున్నాయి. మొసలి బొమ్మతో హెచ్చరిక బోర్డు. బోర్డు దాటి నీళ్ళ వైపు ఒక్క అడుగు కూడా వెయ్యకూడదని లలిత నా దగ్గర మూడుసార్లు మాట తీసుకుంది. నేను సేఫ్టీ వీడియో చూసి పరీక్ష కూడా పాసయ్యాను. చాలాకాలం తర్వాత పాసైన పరీక్ష.

సిగ్నల్ పట్టే యంత్రానికి ఒక యాంటెన్నా ఉంది. చూడగానే ప్రాణం లేచొచ్చింది. అచ్చం మా చిన్నప్పటి టీవీ యాంటెన్నా! డాబా ఎక్కి దాన్ని తిప్పడంలో మా వీధిలో నన్ను మించినవాడు లేడు.

"ఇటివ్వు" అన్నాను. నేను తిప్పడం, అది చెవికి హెడ్‌ఫోన్ పెట్టుకుని వినడం.

"వచ్చిందా?"

"నో."

"ఇప్పుడు?"

"నో... వెయిట్. కొంచెం లెఫ్ట్. లెఫ్ట్, నాన్నా, నీ లెఫ్ట్!"

"వచ్చిందా?"

"పోయింది."

ఇన్నేళ్ళు పోయినా, ఇన్ని సముద్రాలు దాటినా, యాంటెన్నా బతుకు మారలేదు.

ఆ పూట ఒక కొరడాతోకని దగ్గరగా చూశాను. ఎండుకొమ్మ మీద ఉంది. నేను ఆగిపోయాను. అదీ ఆగింది. తర్వాత ముందుకాలు ఎత్తి నెమ్మదిగా గాల్లో గుండ్రంగా తిప్పింది. నేను కూడా చెయ్యి ఊపాను. పలకరిస్తే పలకరించాలి కదా. పైగా ఊపుతున్నంతసేపూ అది అక్కడే ఉంటుందని ఆశ.

"దాని వీపు ఖాళీగా ఉంది చూడు. అది పెసరట్టు" అంది లలిత. "అండ్ నాన్నా, యూ జస్ట్ టోల్డ్ హర్ యూ సరెండర్."

తొండల భాషలో అలా చెయ్యి ఊపితే 'నువ్వే పెద్ద, నేను చిన్న' అని చెప్పినట్టు కావచ్చట. ఇందులో పరిశోధించడానికేముందో నాకు తెలీలేదు. నేను చెప్పదలుచుకున్నది కూడా అదే.

మధ్యాహ్నం లలిత చెట్ల అవతల కొలతలేవో చూసుకుంటుంటే నేను భోజనం తీశాను. పెరుగన్నంలో పండిన మామిడిపండు రసం పిండి కలుపుకున్నాను. ఆ ఎండలో అంతకన్నా ఏం కావాలి? మా అమ్మ పోయిన దగ్గర్నుంచి, బయట కూర్చుని తినాల్సివస్తే మొదటి ముద్ద కాకికి తీసి పెట్టడం నాకు అలవాటు. బ్రిస్బేన్ పార్కుల్లో కూడా పెడతాను. మిత్రులు నవ్వుతారు. డార్విన్‌లోనూ కాకులున్నాయి, పైన ఒకటి అరుస్తూనే ఉంది. మామిడిరసం కారుతున్న ముద్దని పక్కనున్న పడిపోయిన దుంగ మీద పెట్టి, సీసాలో నీళ్ళతో చెయ్యి కడుక్కుని తినడం మొదలుపెట్టాను.

"నాన్నా! వాట్ ఈజ్ దట్?"

"కాకికి."

"ఇక్కడ ఫుడ్ పెట్టకూడదు! మొసళ్ళున్న చోటు ఇది! ఇది నా సైట్! డేటా మొత్తం..." అది మాట పూర్తిచెయ్యలేదు. ముద్దని ఆకుతో ఎత్తి సంచిలో వేసింది. సీసాలో నీళ్ళతో దుంగని తుడిచింది. తుడుస్తూ మోచేత్తో కళ్ళొత్తుకుంది. అది నా మీద కోపం కాదని నాకు అప్పుడు తెలిసింది. దానికి ఏడుపొస్తోంది.

"నానమ్మకి పెట్టానే" అన్నాను మెల్లిగా.

"ఐ నో" అంది. ఇంగ్లీషులో అంది గానీ, అచ్చం మా అమ్మలాగే అంది.

ఆ రాత్రి జెన్ మబ్బుల వైపు చూసి, "ఇంకో రెండ్రోజులు ఆగుతుందేమో" అంది. అక్కడి వాళ్ళు 'ఏమో' అంటే ఆగదని అర్థం.

దుంగ మీద ఈగలు

మర్నాడు పొద్దున్నే సిగ్నల్ దొరికింది. కాసేపు వినిపించి ఆగిపోయింది. లలిత హెడ్‌ఫోన్ తీసేసి మెళ్ళో వేసుకుంది. బ్యాటరీ పోయిందని చెప్పక్కర్లేకుండానే అర్థమైంది. మబ్బులు పెందలాడే కమ్మాయి. గాలి పూర్తిగా ఆగిపోయింది. ఇంక కళ్ళతో వెతకడమే. అది కొమ్మకొమ్మా చూస్తోంది. చూసిన కొమ్మే మళ్ళీ చూస్తోంది. ఒక్కో కొమ్మ దగ్గర కింద కూడా చూస్తోంది, ఏదైనా వేలాడుతోందేమోనని.

నేను నిన్నటి దుంగ పక్కన నిలబడ్డాను, నా ఉద్యోగం అదే కాబట్టి. ఎంత తుడిచినా పగుళ్ళలోకి దిగిన మామిడిరసం పోలేదు. గండుచీమలు బారులు తీరాయి, ఈగలు ముసిరాయి. కనిపిస్తే మళ్ళీ తిడుతుందని, నేను దుంగకి అడ్డంగా జరిగాను.

అప్పుడే దుంగ అవతలి చివర ఏదో కదిలింది. సన్నటి తల, తెల్లచార. నాలుక చాపి ఒక చీమ, ఇంకో చీమ. వీపు మీద గుండీ అంత నల్లటిది, దానికి వెంట్రుకలాంటి తీగ.

పిలిస్తే తొండ పారిపోతుంది. చెయ్యి ఊపాను, ఈసారి లలిత వైపు. అది చూసింది. మొహంలో రంగు మారింది. కొన దగ్గర దారపు ఉచ్చు కట్టిన చేపలకర్ర పట్టుకుని అడుగులో అడుగేస్తూ వచ్చింది. ఉచ్చు మెల్లిగా ఉప్మా తల ముందుకి జారింది. లలిత కర్ర ఎత్తింది.

తప్పింది.

ఉప్మా దూకింది. బెదిరిన తొండ కంటికి చెట్టులా కనిపించిన దాన్నల్లా ఎక్కుతుంది. ఆ చుట్టుపక్కల బెరడు లేని చెట్టు నేనొక్కణ్ణే. కుడి కాలి మీద గోళ్ళు దిగాయి. మోకాలు, నడుము, వీపు. ఆ గోళ్ళు చొక్కాలోంచి ఒక్కొక్కటీ తెలిసింది. తోక చెవికి కొరడాలా తగిలింది. టోపీ మీదికి చేరి ఆగింది.

"నాన్నా." లలిత గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "డోంట్ మూవ్."

నా జీవితమంతా నేను బల్లిని చూసి కదిలాను. మంచం కదిపాను, గది మారాను, ఒకసారి అద్దెయిల్లే మారాను. ఇప్పుడు ఒక తొండ నెత్తిన కూర్చుంది. నేను కదిలితే అది పొదల్లోకి పోతుంది, ఆ పట్టీతోనే పోతుంది. కదల్లేదు. కళ్ళు మూసుకుని నిలబడ్డాను. చెమట ముక్కు మీంచి కారుతోంది. దాన్ని కూడా తుడుచుకోలేదు. మా అమ్మాయి అడుగులు వినిపించాయి. తర్వాత టోపీ మీద ఒక బరువు, అరచెయ్యంత.

"గాట్ హర్. గాట్ హర్, గాట్ హర్." అలా ఎన్నిసార్లు అందో.

"అయిపోయిందా?"

"కాలేదు. పట్టుకో."

"ఎవరూ?"

"నువ్వే నాన్నా! నాకు ఉన్నవి రెండే చేతులు. కత్తెర ఎవరు పడతారు?"

పట్టుకున్నాను. వేళ్ళు ఎక్కడ పెట్టాలో, ఎంత గట్టిగా పట్టాలో అది చూపించింది. తోక నా మణికట్టుని వాయిస్తూనే ఉంది. ఒళ్ళు వెచ్చగా ఉంటుందనుకోలేదు. లోపల గుండె కొట్టుకోవడం వేళ్ళకి తెలిసింది. దానిదో నాదో చెప్పలేను, రెండూ ఒకే వేగంలో ఉన్నాయి. లలిత బొమ్మల కత్తెరలాంటి దానితో పట్టీ కత్తిరించింది. కింద పొలుసులు కొంచెం పాలిపోయాయి. పుండు లేదు, రాపిడి లేదు. లలిత మళ్ళీ మళ్ళీ చూసింది. భూతద్దం పెట్టి చూసింది. తర్వాత నా భుజానికి నుదురు ఆనించింది, చేతిలో పట్టీ పట్టుకునే.

"పద, వదిలేద్దాం" అంది కాసేపటికి.

చెట్టు బెరడుకి చెయ్యి ఆనించి వేళ్ళు విప్పాను. కొరడా ఒక్కసారి ఝళిపించి పైకి పోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. ఎందుకు చూస్తుంది? మేము దానికి చేసిన మేలు, మేమే పెట్టిన బరువు తీయడమే కదా.

"ఇది నీ రీసెర్చి పేపర్లో ఎలా రాస్తావే?" అన్నాను.

"నాన్నా, వద్దు. ఒక్క మాట కూడా అనకు."

"మామిడిరసం అని రాయి."

"రాస్తా. 'ఇన్సిడెంటల్ అట్రాక్టెంట్, ఇంట్రడ్యూస్డ్ బై ఫాదర్.' నాన్న పెట్టిన అనుకోని ఎర. హ్యాపీ?"

తిరుగుదారి

సిగ్నల్ దొరికిన చోట కారాపి రమకి ఫోన్ చేశాను. సంతోషించింది. తర్వాత అడిగింది.

"నెత్తి మీద పడిందా?"

"పడలేదు, ఎక్కింది."

"పడితే ఫలితం పంచాంగంలో ఉంటుంది. ఎక్కితే ఏమో. ఎటువైపు నుంచి ఎక్కింది?"

"కుడికాలు మీంచి మొదలై, ఎడమ చెవి పక్కగా."

"మగవాళ్ళకి కుడి మంచిది, ఎడమ కాదు. అయితే లాభనష్టాలు చెల్లు." తనే తీర్పిచ్చేసింది. "అయినా వెంటనే తలస్నానం చెయ్యండి. ఏడవలేదు కదా?"

"లలితా?"

"మీరు."

ఆ ప్రశ్నకి సిగ్నల్ పోయిందని చెప్పాను.

జెన్ దగ్గర సామాన్లు తీసుకున్నాం. రైస్ కుక్కరు ఆవిడకే ఇచ్చేశాను. పెద్ద రోడ్డు ఎక్కేసరికి లలిత పక్కసీట్లో తల వెనక్కి వాల్చింది. రెండు మాటలు మాట్లాడింది, మూడో మాట మధ్యలో నిద్రపోయింది. నోరు కొంచెం తెరుచుకుని, ఒళ్ళో చెయ్యి వెల్లకిలా పెట్టుకుని. అరచేతిలో కత్తిరించిన పట్టీ, నల్లటి గుండీ. ఎన్నాళ్ళ నుంచి నిద్రపోలేదో ఆ నిద్ర చూస్తే తెలిసింది.

కొంతదూరం పోయాక అద్దం మీద పెద్ద చుక్క పడింది. తర్వాత ఇంకోటి. తర్వాత లెక్క లేదు. ఆకాశం మొత్తం ఒక్కసారి కుమ్మరించినట్టు వాన. ఎర్రమట్టి వాసన కారులోకి వచ్చింది. వైపర్లు వేశాను. వానల్లేని నెలలన్నీ ఎండిన రబ్బరు కదా, అద్దం మీద కీచుమని అరిచాయి. లలిత కనుబొమలు ముడుచుకున్నాయి.

వైపర్లు ఆపేశాను. కారు పక్కకి తీసి, లైట్లు వెలిగేలా ఉంచి, ఆగాను. ముందు రోడ్డు కనిపించలేదు, పక్కన చెట్లు కనిపించలేదు. పడనీ అనుకున్నాను. ఇంక ఎంత పడినా ఫర్వాలేదు. లలిత దానంతటది లేచేదాకా అక్కడే కూర్చున్నాను.